ఓడలు, బళ్లు, సినర్

"అయిపోయింది తాతయ్యా, సినర్ కొట్టేశాడు" అంటూ మా మనవడు టీవీ కట్టేయబోయాడు. 2025 జూన్ 8, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. నాలుగో సెట్‌లో సినర్ 5-3 ముందున్నాడు. సర్వీస్ అల్కరాజ్‌ది, స్కోరు 0-40. ఒక్క పాయింట్ చాలు, చేతిలో మూడున్నాయి. నేను రిమోట్ లాక్కున్నాను.

నా భయం నాది. 2019 జులై 14న వింబుల్డన్ ఫైనల్, లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఒకే సాయంత్రం నడిచాయి. ఐదో సెట్‌లో ఫెదరర్ 8-7, 40-15. ఇంకేముందిలే అని లార్డ్స్‌కి మార్చాను. తిరిగొచ్చేసరికి ఆ రెండు పాయింట్లూ పోయాయి. చివరికి 13-12తో కప్పు జొకోవిచ్ పట్టుకుపోయాడు. మొత్తం పాయింట్లు ఫెదరర్‌వి 218, జొకోవిచ్‌వి 204. అవతల లార్డ్స్‌లో బౌండరీలు లెక్కేసి కప్పు ఇచ్చారు గానీ, వింబుల్డన్‌లో అలాంటి లెక్కలు ఎవరిక్కావాలి? ముప్పై ఎనిమిదికి దగ్గరపడిన ఫెదరర్ మళ్లీ ఏ గ్రాండ్‌స్లామ్ ఫైనల్ గడపా తొక్కలేదు.

పారిస్‌లోనూ అదే జరిగింది. మూడూ కాచుకున్న అల్కరాజ్, 5 గంటల 29 నిమిషాల తర్వాత, మనకు అర్ధరాత్రి దాటాక, మట్టిలో వెల్లకిలా పడ్డాడు. పొద్దున్నే మనవడు ఈసారి సినర్‌కి తద్దినం పెట్టేశాడు. వాణ్ణి అనడమెందుకు, నెత్తి నెరిసిన వ్యాఖ్యాతలకే ఆదివారానికో శకం మొదలై, ఇంకో ఆదివారానికి ముగిసిపోతుంటే!

సరిగ్గా 35 రోజులకి వింబుల్డన్‌లో అదే అల్కరాజ్‌ని సినర్ నాలుగు సెట్లలో ఓడించాడు. ఆఖరి సెట్‌లో 4-3 దగ్గర తన సర్వీస్ 15-40కి వచ్చింది. పారిస్ గుర్తొచ్చి నాకే చెమటలు పట్టాయి, అతను మాత్రం కాచుకున్నాడు. సెప్టెంబరులో న్యూయార్క్‌లో అల్కరాజ్ బదులు తీర్చి, నంబర్ వన్ కూడా లాగేసుకున్నాడు.

నాకు నచ్చింది ఆ రాత్రి సినర్ చెప్పిన మాట. నా ఆట ముందే తెలిసిపోతోంది, మార్చుకోవాలి, దానికోసం కొన్ని మ్యాచ్‌లు ఓడినా సరే అన్నాడు. అప్పటికి 65 వారాలు అగ్రస్థానంలో కూర్చున్నవాడు! గెలిపిస్తున్న ఆటని విప్పి మళ్లీ కుట్టుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? అందుకే నేను ర్యాంకుల పట్టిక కన్నా, ఓడినవాడు తర్వాతి నెలలో ఏం మార్చుకొచ్చాడో చూస్తాను. సినర్‌కి సర్వీస్ పదునెక్కింది. నవంబరులో ట్యూరిన్‌లో అల్కరాజ్‌ని 7-6, 7-5తో ఓడించాడు. అయినా ఏడాది చివర నంబర్ వన్ అల్కరాజే.

ఆ ట్యూరిన్ ఫైనల్ ఆఖరి పాయింట్ దాకా రిమోట్ నా దిండు కిందే ఉంది.