మైనస్ గుర్తు కనబడని పాఠం

వీడియో ఆగకుండా నడిస్తే నాణ్యత బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. లెక్కల పాఠానికి ఆ కొలత చాలదు. గద్వాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పే టీచర్‌గా ఈ మాట అంటున్నాను. బొమ్మ 480పీ నుంచి 144పీకి పడిపోగానే ఎక్స్ మీద ఉన్నది 2నో 3నో తెలియదు. మైనస్ గీత అలికేసినట్టు పోతుంది. వీడియో మాత్రం నడుస్తూనే ఉంటుంది, పిల్ల నోట్సులో తప్పు సమీకరణం ఎక్కించుకుంటూనే ఉంటుంది. "సార్, గుండ్రం తిరుగుతోంది" అని చెప్పే పిల్లకైనా పాఠం ఆగిందని తెలుసు. ఈ పిల్లకు పోయిందేమిటో కూడా తెలియదు.

మా పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని (పూలకు చేత్తో పరాగం అద్దడం) నడిచే రోజుల్లో ఫోన్ తల్లితో పాటు చేనుకు పోయి, పొద్దుగూకాక ఇంటికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా సీరియళ్లు, రీల్స్, క్రికెట్ చూస్తుంటుంది. టవర్ ఒకటే, పంచుకునేవాళ్లు వందలమంది. ఇంటర్ పిల్లలు పాఠాలు బస్సులో చూస్తారు. బీచుపల్లి వంతెన దాటి పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేలోపు సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే చాలాచోట్ల అసలే ఉండదు.

సిగ్నల్ తగ్గితే బొమ్మ పడిపోయేది ఇందుకే: సర్వర్‌లో ఒకే పాఠం 144పీ, 240పీ, 480పీ వంటి నాలుగైదు సైజుల్లో, కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంటుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డాష్ అనే వీడియో ప్రసార విధానాలు రెండింటి పద్ధతీ ఇదే. ఒక ముక్క దిగాక తర్వాతిది ఏ సైజుదో ఫోనే తేల్చుకుంటుంది. కిందటి ముక్క దిగిన వేగాన్ని నమ్ముకుంటే, మా దగ్గరి సిగ్నల్‌తో పాటే బొమ్మా ఊగుతుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నెట్‌ఫ్లిక్స్‌తో కలిసి 2014లో వేరే దారి చూపారు. ముందే దిగి నిల్వ ఉన్న వీడియో ఎన్ని సెకన్లుందో చూసి సైజు ఎంచుకోవాలి, గాదెలో గింజలు చూసుకుని పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు. దాంతో ఆగిపోవడాలు 10 నుంచి 20 శాతం తగ్గాయి.

పాఠానికి ఇంకా నిలకడ కావాలి. నిమిషానికోసారి 480పీకి ఎక్కి 144పీకి జారే బొమ్మకంటే గంటసేపు 240పీలో నిలిచే బొమ్మ నయం. మనిషి మాట వినబడడానికి సెకనుకు 64 కిలోబిట్లు చాలు. బొమ్మ రాకపోయినా గొంతు ఆగకూడదు.

అసలు సగం పని స్టూడియోలోనే ఉంది. వీడియోను కుదించేటప్పుడు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏం మారిందో ముఖ్యంగా దాన్నే పంపుతారు. కదలని బోర్డుకు డేటా ఖర్చు చాలా తక్కువ. వెనక తిరిగే గ్లోబు, కింద పరుగెత్తే స్క్రోలింగు, మెరిసే లోగో ఉన్న కాస్త డేటానూ తినేస్తాయి, అక్షరాలకు మిగలదు. ఆ అలంకారం వల్ల ఒక్క పిల్లకూ ఒక్క మార్కు ఎక్కువ రాదు.

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్‌లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు టీవీ ఉన్న ఇంట్లో ఈ బాధ లేదు, ఉపగ్రహ ప్రసారానికి ఊరి టవర్‌తో పని లేదు. ఇప్పుడు పిల్లలు పాఠాల కోసం ఫోన్ పట్టుకుంటున్నారు. సిగ్నల్‌కు తగ్గట్టు బొమ్మను సర్దడం చేయలేని పని కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ నెట్‌ఫ్లిక్స్, హాట్‌స్టార్ వంటి సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లలో 480పీ దాటబోమని ఒప్పుకుని, రోజుల్లో అమలు చేశాయి.

విద్యాశాఖనూ టీ-శాట్‌నూ కోరేదొకటే. ప్రతి లెక్కల పాఠాన్నీ విడుదలకు ముందు చిన్న ఫోన్‌లో 144పీలో పెట్టి చూడండి, చదవలేకపోతే మళ్లీ తీయించండి. నెట్‌వర్క్ ఖాళీగా ఉండే అర్ధరాత్రి పాఠం దానంతటదే డౌన్‌లోడ్ అయ్యే వీలు యాప్‌లో పెట్టండి. పదో తరగతి పరీక్షలు మామూలుగా మార్చిలో మొదలవుతాయి. ఆలోపే చేయండి.