నేలలోని యొత్తిడి – ఇంటికి రక్ష

ఉప్పలు, నాచారముల యిండ్లను మోయుచున్న ఱాతిబండ కదలనిదని మన నమ్మకము. కాని భారత భూఫలకము ఏఁటేఁట సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా సాగి ఆసియాను నెట్టుచున్నది. ఆ యొత్తిడి మన బండలలోను నిండియున్నది. 1961లో స్థాపితమై ఉప్పలు మార్గమున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, బోరుబావిలోనికి నీటిని బలముగా నెక్కించి, ఱాయి చీలిన దిక్కునుబట్టి యొత్తిడి దిశను గుర్తించిరి.

1993 సెప్టెంబరు 30వ తేది తెల్లవారుజామున, లాతూరు ప్రాంతపు కిల్లారి దాపున బండ యీ యొత్తిడి కోర్వలేక జాఱెను. నిదురలో నున్న వేలమంది మడిసిరి. వారిపైఁ బడినవి మట్టితోఁ బేర్చిన బరువైన ఱాతిగోడలు.

నేల యొత్తిడిని మన మాపలేము. గోడకు గట్టు వేయింపఁగలము. ఇల్లు కట్టించునపుడు ద్వారబంధముల మీఁదుగా గోడలన్నిటిని జుట్టివచ్చు కాంక్రీటుపట్టీని మఱవక యడుగుఁడు.