కాన్పుకు వేళ లేదు... ఇంటికి తీరిక లేదు

సాధారణ ప్రసవాల లక్ష్యం సరే, మిడ్‌వైఫ్‌ల నిరీక్షణకు వెల కట్టేదెవరు?

సిజేరియన్ శస్త్రచికిత్సలను తగ్గించాలన్న మాట తెలుగు రాష్ట్రాల్లో కొన్నేళ్లుగా వినిపిస్తూనే ఉంది. అవసరం లేని ఆపరేషన్లు చేయరాదని వైద్యులకు చెప్పడం, ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకోవద్దని కుటుంబాలకు నచ్చజెప్పడం చర్చల్లో ప్రధానాంశాలుగా నిలుస్తున్నాయి. అయితే కత్తి పక్కన పెట్టిన ప్రతిచోటా ఎవరో ఒకరు గంటల తరబడి గర్భిణి చెంతనే ఉండాలి. నొప్పుల తీరు చూడాలి, బిడ్డ గుండె చప్పుడు వినాలి, ధైర్యం చెప్పాలి. ఆ బాధ్యతను శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల భుజాలపై పెట్టాలన్నది ప్రభుత్వాల విధానం. ఆమెకూ ఒక ఇల్లుందని, బడికి వెళ్లే పిల్లలు, మంచాన ఉన్న పెద్దలు ఉండవచ్చునన్న సంగతి మాత్రం ఈ చర్చలో చోటు దక్కించుకోలేకపోతోంది. ఆ లెక్క తేలనంత కాలం ఎన్ని లక్ష్యాలు నిర్ణయించినా అవి కాగితాలపైనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

అంకెలు చెబుతున్నదేమిటి?

2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. తెలంగాణలో అవి 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి వంద కాన్పుల్లో 81కి పైగా శస్త్రచికిత్సలే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఆ సంఖ్య 44 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు రంగంలో 63 శాతం, ప్రభుత్వ రంగంలో 26.6 శాతంగా నమోదైంది. జనాభా మొత్తం మీద సిజేరియన్ల వాటా 10 శాతం దాటిన తర్వాత తల్లీబిడ్డల మరణాలు అందువల్ల మరింత తగ్గుతున్న దాఖలాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే స్పష్టం చేసింది. శస్త్రచికిత్స అవసరమైన తల్లికి అది ప్రాణదానమే. అవసరం లేని తల్లికి అది అదనపు గాయం, అదనపు ఖర్చు, తర్వాతి కాన్పుకు అదనపు చిక్కు.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నం తెలంగాణలోనే ముందుగా మొదలు కావడం గమనార్హం. యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారంతో 2017లో రాష్ట్ర ప్రభుత్వం 30 మంది నర్సులను ఎంపిక చేసి, 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణకు శ్రీకారం చుట్టింది. ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, కేంద్రం దేశమంతటికీ వర్తించే మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను వెలువరించింది. చిక్కులు లేని కాన్పును స్వతంత్రంగా నిర్వహించడం, చిక్కు కనిపించిన వెంటనే వైద్యులకు అప్పగించడం ఈ కొత్త వృత్తి సారాంశం. అనుభవం గడించిన నర్సులనే ఈ శిక్షణకు తీసుకుంటారు. అనుభవం వచ్చేనాటికి వారిలో అనేకులు సంసారం, చిన్న పిల్లలు ఉన్నవారై ఉండటం సహజం. చిక్కుముడి ఇక్కడే పడుతోంది.

గడియారానికి లొంగని పని

ప్రసవానికి ప్రకృతి పెట్టిన గడువు వేరు, ఆసుపత్రి డ్యూటీ పట్టిక వేరు. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత కొలమానాన్నే పట్టుకుని తొందరపడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి సిఫారసుల్లో పేర్కొంది. ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్న తర్వాత మొదలయ్యే చురుకైన దశ తొలిచూలు తల్లికి 12 గంటల వరకు, మలి కాన్పులకు 10 గంటల వరకు సాగవచ్చునని తెలిపింది. ఆ తర్వాత బిడ్డ బయటపడేందుకు తొలి కాన్పులో మూడు గంటల వరకు పట్టవచ్చు. ఐదు సెంటీమీటర్లకు ముందున్న తొలి దశకైతే ప్రామాణిక గడువంటూ ఏదీ లేదు.

తొలి కాన్పుకు చురుకైన దశ నుంచే లెక్క వేసినా ఇది 15 గంటల దాకా సాగగల పని. ఎనిమిది గంటల డ్యూటీలో ఇది ఇమడదు. రాత్రి విడత 12 గంటలున్న చోట కూడా ఇమడదు. నొప్పులు ముదిరిన వేళ డ్యూటీ ముగిస్తే మిడ్‌వైఫ్ ముందు రెండే దారులుంటాయి. అప్పటిదాకా తన చేయి పట్టుకున్న తల్లిని మరొకరికి అప్పగించి వెళ్లడం ఒకటి, ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పడం మరొకటి. మొదటిది తల్లికి నష్టం, రెండవది ఇంటికి నష్టం. ఒకే మిడ్‌వైఫ్ లేదా ఒకే చిన్న బృందం గర్భం నాటి నుంచి బాలింత దశ వరకు తోడున్నప్పుడు సిజేరియన్లు తగ్గే అవకాశం ఉందని, సహజ ప్రసవాలు పెరుగుతాయని పరిశోధన ఫలితాలను క్రోడీకరించే కాక్రేన్ సమీక్ష 2024లో తేల్చింది. మంచి ఫలితం ఇచ్చే పద్ధతే ఆమె కుటుంబ జీవితానికి ఎక్కువ భారమయ్యే పద్ధతి కావడం ఈ వృత్తిలోని వైరుధ్యం.

శస్త్రచికిత్సకు ఈ ఇబ్బంది లేదు. సుమారు గంటలో ముగుస్తుంది. వేళ ముందే తెలుస్తుంది. వైద్యుల ఇల్లు, సిబ్బంది ఇల్లు, గర్భిణి ఇల్లు అన్నీ ఆ వేళకు సర్దుకుంటాయి. సిజేరియన్లు పెరగడానికి డబ్బే కారణమని అనుకోవడం పరిపాటి. డబ్బుతో పాటు వేళ కుదరడమన్న సౌలభ్యం కూడా బలమైన కారణమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ శస్త్రచికిత్సలు అధికంగా ఉండటాన్ని కేవలం లాభాపేక్షతో వివరించడం సాధ్యం కాదు.

మంత్రసాని నాటి సర్దుబాటు

ఒకనాటి పల్లెల్లో ఈ సమస్య మరో రూపంలో ఉండేది. అనేక గ్రామాల్లో మంగలి కుటుంబాల స్త్రీలు, మరికొన్ని చోట్ల ఇతర వృత్తి కులాల స్త్రీలు తరతరాలుగా మంత్రసానితనం చేసేవారు. పని చేసే ఇల్లు, కాపురం ఉండే ఇల్లు ఒకే ఊళ్లో ఉండేవి. సాధారణంగా పిల్లలు ఎదిగిన నడివయసు స్త్రీ ఆ పనికి కదిలేది. వెనుక ఇంటిని కోడలో కూతురో చూసుకునేది. ప్రతిఫలంగా ధాన్యం, చీర, కొంత పైకం అందేవి. ఆ వ్యవస్థలో వైద్య పరమైన రక్షణ లేదు, ఎందరో తల్లులు ప్రాణాలు కోల్పోయారు. కులాన్ని బట్టి అంటగట్టిన పనికి గౌరవమూ దక్కలేదు. దాన్ని తిరిగి కోరుకోవలసిన అవసరం లేదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక కాన్పులు వేగంగా ఆసుపత్రులకు తరలాయి. ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రి కాన్పులు 96 శాతం దాటాయి. అది ఘన విజయమే. కాకపోతే మంత్రసాని వెనుక నిలిచిన ఆ సర్దుబాటు స్థానంలో నేటి మిడ్‌వైఫ్‌కు ఏ ఏర్పాటూ సమకూరలేదు.

నేటి మిడ్‌వైఫ్‌కు ఉద్యోగం ఒక ఊళ్లో, భర్త కొలువు మరో ఊళ్లో, అత్తమామలు ఇంకో ఊళ్లో ఉండటం అరుదేమీ కాదు. ఇంటి పని మాత్రం ఆమెను వదలలేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలే కేటాయిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో ఆ సంఖ్యలు వరుసగా 289, 88. ఐదేళ్లలో ఇద్దరి సమయమూ కాస్త తగ్గిందే తప్ప మధ్యనున్న అంతరం చెక్కుచెదరలేదు. రాత్రంతా పురుడు పోసి ఉదయం ఇల్లు చేరిన స్త్రీకి నిద్ర కంటే ముందు పొయ్యి కనిపిస్తుందన్నది ఈ అంకెల అర్థం.

స్వతంత్ర వృత్తి ఉన్న చోట...

ఆసుపత్రి డ్యూటీ పట్టికే అడ్డంకి అయితే సొంతంగా వృత్తి సాగించడం పరిష్కారం అవుతుందా అన్న ప్రశ్న సహజం. మన దేశంలో 2018 మార్గదర్శకాలు మిడ్‌వైఫ్‌ను ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్రత్యేక విభాగాలకే ఉద్దేశించాయి. సొంత ప్రాక్టీసు విస్తృతంగా ఉన్న చోట ఏం జరిగిందో తెలుసుకోవాలంటే న్యూజిలాండ్ వైపు చూడాలి.

అక్కడ 1990లో చేసిన చట్ట సవరణ వైద్యుల ప్రమేయం లేకుండానే కాన్పు చేసే అధికారాన్ని మిడ్‌వైఫ్‌లకు ఇచ్చింది. గర్భిణి తనకు నచ్చిన మిడ్‌వైఫ్‌ను ఎంచుకుంటుంది. రుసుము ప్రభుత్వం చెల్లిస్తుంది. గర్భం తొలి నెలల నుంచి కాన్పు తర్వాత కొన్ని వారాల వరకు ఆ మిడ్‌వైఫ్‌దే బాధ్యత. ఎన్ని కేసులు తీసుకోవాలో ఆమే నిర్ణయించుకోవచ్చు. పగటి పరీక్షలను పిల్లల బడి వేళలకు అనుగుణంగా పెట్టుకోవచ్చు. ఇది కుటుంబానికి అనుకూలించే స్వేచ్ఛే. మరోవైపు రాత్రి రెండు గంటలకైనా, పండుగ నాడైనా ఫోన్ మోగితే కదలాల్సిందే. కేసు ప్రాతిపదికన చెల్లింపు గనుక పని లేని నెలలో రాబడీ తగ్గుతుంది. అందుకే అక్కడ చాలామంది ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు జట్టుగా ఏర్పడి, వంతుల వారీగా సెలవు తీసుకుంటూ, ఒకరి తల్లులను మరొకరు చూసుకుంటున్నారు. ప్రతిఫలం చాలడం లేదని, మహిళల వృత్తి కావడం వల్లనే వివక్ష చూపుతున్నారని ఆ దేశ మిడ్‌వైఫ్‌ల సంఘం 2015లో హైకోర్టుకు వెళ్లింది. 2017లో ప్రభుత్వంతో రాజీ ఒప్పందం కుదిరినా వివాదం అంతటితో సమసిపోలేదు.

బ్రిటన్ అనుభవం మరో హెచ్చరిక. అక్కడ 2014లో వృత్తిపరమైన బీమా తప్పనిసరి అయింది. స్వతంత్ర మిడ్‌వైఫ్‌ల సంఘం వాడుతున్న బీమా ఏర్పాటు సరిపోదని 2017లో నియంత్రణ మండలి తేల్చడంతో ఎందరికో సొంతంగా కాన్పులు చేసే దారి మూసుకుపోయింది. ఈ రెండు దేశాలు చెప్పే పాఠం ఒక్కటే. స్వతంత్రం అంటే ఒంటరితనం కారాదు. వెనుక జట్టు, బీమా, అవసరమైతే వెంటనే చేర్చుకునే ఆసుపత్రి ఉన్నప్పుడే అది తల్లికీ, మిడ్‌వైఫ్ కుటుంబానికీ క్షేమం.

చేయదగినవి చాలానే...

ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో తెచ్చిన సవరణ 26 వారాల వేతన సెలవును కల్పించింది. 50 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని నిర్దేశించింది. యజమాని అంటూ లేని స్వతంత్ర వృత్తిదారుకు ఈ తరహా రక్షణ వర్తించదు. ఉద్యోగం ఉన్నవారికి కూడా పగలు మాత్రమే తెరిచే శిశు కేంద్రం రాత్రి డ్యూటీలో అక్కరకు రాదు. పురుళ్లు పోసే విభాగంలోనే పురుడు పోసే స్త్రీ బిడ్డకు చోటు లేకపోవడం కంటే విడ్డూరం మరొకటి ఉండదు.

జిల్లా స్థాయిలో అమలు చేయదగిన చర్యలకు కొదవ లేదు. మిడ్‌వైఫ్‌లను ముగ్గురు నలుగురితో చిన్న జట్లుగా విభజించి, గర్భిణులకు నెలవారీ పరీక్షల నాటి నుంచే ఆ జట్టులోని అందరినీ పరిచయం చేస్తే, నొప్పుల మధ్య డ్యూటీ మారినా తల్లికి కొత్త ముఖం ఎదురుకాదు. ఒక డ్యూటీ ముగియకముందే తర్వాతి మిడ్‌వైఫ్ వచ్చి కొంతసేపు కలిసి పనిచేసే ఏర్పాటు ఉంటే అప్పగింత సాఫీగా సాగుతుంది. అదనంగా ఉండిపోయిన గంటలకు లెక్క రాసి, వేతనమో సెలవో ఇవ్వాలి. ఆసుపత్రి ఆవరణలో క్వార్టర్లు, రాత్రివేళ వాహనం, రేయింబవళ్లు నడిచే శిశు కేంద్రం ఉంటే ఇంటి బెంగ సగం తీరుతుంది. 18 నెలలు శిక్షణ ఇచ్చిన మనిషిని సిబ్బంది కొరత పేరిట ఇతర వార్డులకు పంపడం మానాలి.

వీటికి ఖర్చవుతుందన్న వాదన రావచ్చు. ఖర్చు ఇప్పుడూ అవుతూనే ఉంది. ఒక భాగం అనవసర ఆపరేషన్ల రూపంలో తల్లులు భరిస్తున్నారు, మరొక భాగం నిద్రలేమి రూపంలో మిడ్‌వైఫ్‌ల కుటుంబాలు భరిస్తున్నాయి. ఖజానా పుస్తకాల్లో ఆ పద్దు కనిపించదు, అంతే తేడా. ప్రపంచం మొత్తం మీద 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని 2021లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి తదితర సంస్థలు వెలువరించిన నివేదిక వెల్లడించింది. ఇంత కొరత ఉన్న వృత్తిలో శిక్షణ ఇవ్వడం ఎంత ముఖ్యమో, శిక్షణ పొందినవారు సంసారం కోసం వృత్తిని వదులుకోకుండా చూడటం అంతే ముఖ్యం. సాధారణ కాన్పు అంటే ఓపిక పట్టడం. ఆ ఓపికను జీతం పట్టికలో, డ్యూటీ పట్టికలో, ఇంట్లో భర్త పంచుకునే పనిలో లెక్కించిన నాడే లక్ష్యాలకు అర్థం ఉంటుంది.