నేరం సెల్‌ఫోనుదేనా?

బీచ్ రోడ్డు, ఫ్రెంచి వీధులు చూసి పుదుచ్చేరి నుంచి తిరిగెళ్లే పర్యాటకులకు ఇరులర్లు తారసపడరు. ప్రభుత్వ రికార్డులకూ చాలాకాలం తారసపడలేదు. ఆ కేంద్రపాలిత ప్రాంతంలో ఒక్క షెడ్యూల్డు తెగా లేదన్నట్టే 2016 దాకా గడిచింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో ఇరులర్లకు ఎస్టీ హోదా దక్కింది. (సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలైన ఎరుకలకు అదే ఉత్తర్వులో చోటు లేదు. యానాం వాసులకు ఆ బాధ తెలుసు.)

సర్టిఫికెట్ చేతికొచ్చిన కాలంలోనే చేతికి సెల్‌ఫోనూ వచ్చింది. గిరిజనుల గురించి మాట్లాడే ఏ సభలోనైనా వినిపించే మాట ఇక్కడా వర్తిస్తుందని అనుకుంటాం: ఫోన్ వల్ల పిల్లలు పెద్దల నీతులు వినడం మానేశారని. సబబుగానే తోస్తుంది. కానీ ఇరులర్ల నీతి కూర్చోబెట్టి చెప్పేది కాదు. కోతలయ్యాక పొలం గట్ల మీద ఎలుక కలుగులు వెతికే తండ్రి వెనక పిల్లవాడు నడుస్తాడు. ఏ కలుగులో ఎలుక ఉంది, ఏ కలుగులోకి పాము దూరింది, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు అన్నవి అక్కడే తెలుస్తాయి. ఓర్పు, పెద్దల మాట వినడం, తొందరపడకపోవడం అన్నీ ఆ నడకలో భాగమే. తప్పుచేస్తే మార్కులు పోవు, ప్రాణం పోతుంది. నెల్లూరు యానాదులకు ఇదేమీ కొత్త సంగతి కాదు.

ఆ బడి మూతపడటం ఫోన్ రాకముందే మొదలైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తర్వాత నాలుగేళ్లకు పాము చర్మాల ఎగుమతి ఆగింది. అప్పటిదాకా చర్మాల వ్యాపారులకు పాముల్ని పట్టిచ్చింది ఇరులర్లే. వాళ్లను పుట్టు పర్యావరణవేత్తలుగా పొగిడేవారు ఈ ముక్క దాటేస్తారు. చట్టం అవసరమైనదే. అయితే బతుకుతెరువుతో పాటు పిల్లల చదువూ పోయిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఎన్నో కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు, రైస్ మిల్లులకు వెళ్లాయి. బట్టీలో తండ్రి వెంట నడిచిన పిల్లవాడు నేర్చుకునేది అప్పు లెక్క.

పని మళ్లీ దొరికిన చోట ఏం జరిగిందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. పుదుచ్చేరి నుంచి చెన్నై వెళ్లే తీర రహదారిలో వడనెమ్మేలి ఉంది. అక్కడ ఇరులర్ల సహకార సంఘం 1978లో, రోములస్ విటేకర్ చొరవతో ఏర్పడింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టుకొచ్చి, కొన్ని వారాల్లో విషం తీసి, పొలుసు మీద గుర్తుపెట్టి అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. పట్టిన పామును వదిలేయాలన్నది తాతల నాటి నీతి కాదు, లైసెన్సు షరతు. అయినా పాత విద్యలో ఇమిడిపోయింది. సంప్రదాయం అంత బిరుసుగా ఏమీ ఉండదు.

ఆ విద్య విలువ అమెరికాకూ తెలిసింది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కొండచిలువలను పట్టడానికి రేడియో ట్యాగులు, శిక్షణ పొందిన కుక్కలు సరిపోక 2017లో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరులర్లను పిలిపించారు. వారు నేల మీది జాడలు చదివి పాములను పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

అవార్డు సరే, జీతం మాటేమిటి? 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మృతుల్లో ఎక్కువమంది పల్లెవాసులే. పొలంలో ఎక్కడ అడుగు వేయాలో, పాము కనబడితే ఏం చేయకూడదో చెప్పగల గురువులు పుదుచ్చేరి చుట్టుపక్కలే ఉన్నారు. వారిని జీతమిచ్చి బడికి పిలవడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. పిల్లలు ఆ పాఠాన్ని సెల్‌ఫోన్లో వీడియో తీసుకుంటామంటే తీసుకోనివ్వండి.