ఫీజు లేదు, సరే... పూట గడిచేదెలా?

‘‘ఉచితంగా నేర్పుతుంటే చేరడానికేం?’’ అనేస్తాం తేలిగ్గా. డిగ్రీ రోజుల్లో నేనూ అలాగే అన్నాను. వేసవి సెలవుల్లో కంప్యూటరు ఊరికే నేర్పుతామన్నా నా స్నేహితురాలు రాలేదు. ఆ రెండు నెలలూ ఆమె మిషను కుడితేనే ఇల్లు గడిచేదని తర్వాతెప్పుడో తెలిసింది.

అమెరికాలో ఈ సంగతి గ్రహించినవాళ్ళున్నారు. ప్రభుత్వ విధానాలు రూపొందించే చదువుల్లో నల్లజాతివారు, లాటినోలు, పేదింటి పిల్లలు బాగా తక్కువని గమనించి, 1980లలో ‘జూనియర్ సమ్మర్ ఇన్‌స్టిట్యూట్‌’లు మొదలుపెట్టారు. డిగ్రీ మూడో ఏడు ముగించిన పిల్లలకి బర్క్‌లీ, మిచిగాన్, కార్నెగీ మెలన్ వంటి విశ్వవిద్యాలయాల్లో సుమారు ఏడు వారాలు అర్థశాస్త్రం, స్టాటిస్టిక్స్, విధాన విశ్లేషణ నేర్పుతూ వచ్చారు. పై చదువుకి వెళ్ళేనాటికి లెక్కల బెరుకు పోవాలని!

నాకు బాగా నచ్చిందేమిటంటే, ఫీజు, బస, భోజనం చూసుకుని, పైగా చేతికి స్టైపెండు కూడా ఇవ్వడం. సెలవుల్లో పనిచేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే పిల్లలకి అదే అసలు ఆసరా.

‘‘చదువు చెప్పి ఎదురు డబ్బులా?’’ అనేవారూ ఉంటారు. అద్దె కట్టలేక ఇల్లు మారిన అమ్మాయి రేపు అధికారిణి అయితే, ఇళ్ళ గురించి ఆమె రాసే నిబంధనలో ఆ అనుభవం ఉండదంటారా?

మన ఊళ్ళలో ఉచిత శిక్షణ పెట్టేవాళ్ళూ ఒక్కసారి ఆలోచించాలి. రాని పిల్లలకి శ్రద్ధ లేదనేముందు, వస్తే వాళ్ళకి ఎన్ని రోజుల కూలి పోతుందో అడిగారా?