తుక్కుకి అమ్మే ముందు ఒక్కసారి తిప్పి చూడండి: మా నాయన మాసీ ట్రాక్టర్ నేర్పిన లెక్క



పైన వీడియోలో పొగ కక్కుతూ స్టార్ట్ అయిన ఎర్ర ట్రాక్టర్‌ని చూశారు కదా. అది మా నాయన కొన్న మాసీ ఫెర్గూసన్ 1035. ఆయన పోయాక తొమ్మిదేళ్ళు చింతచెట్టు కింద పడి ఉంది. వీడియో నాలుగు నిమిషాలే. దాని వెనక రెండు నెలల పని ఉంది, 90,500 రూపాయల ఖర్చు ఉంది, ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక సాయంత్రం కూడా ఉంది. అవేవీ వీడియోలో కనపడవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తా. అయిదారు ఎకరాల ప్రకృతి వ్యవసాయ రైతు అప్పు చేసి కొత్త ట్రాక్టర్ కొనకూడదు. ఇంటి వెనక పాత బండి ఉంటే దాన్ని తుక్కుకి అమ్మే ముందు ఇంజన్ తిరుగుతుందో లేదో చూసుకోవాలి. అట్లాగని ప్రతి పాత బండినీ బతికించాల్సిన పని కూడా లేదు. ఈ మూడు మాటలూ ఎందుకు అంటున్నానో చూడండి.

లెక్క ఎక్కడ తప్పుతోంది

మాది ప్రకాశం జిల్లా మెట్ట. అయిదున్నర ఎకరాలు. కంది, సజ్జ, కొంత వేరుశనగ. ఎండాకాలంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లుతాం. యూరియా, పురుగుమందులు మానేసి ఏడేళ్ళు అయింది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలుపుకోవడానికి ఇంట్లో ఆవు ఉంది, బెల్లం, పప్పు పిండి ఎట్లాగూ దొరుకుతాయి.

కష్టమంతా దుక్కి దగ్గరే. మా ఊళ్ళో ఇప్పుడు ఎద్దుల జత లేదు. వాన పడిన మర్నాడు బాడుగ ట్రాక్టర్ కోసం అందరూ ఒకేసారి పరిగెత్తుతారు. మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. వచ్చినా రోటవేటర్ తగిలించుకునే వస్తాడు. "గొర్రు పెట్టయ్యా, పైపైన గీస్తే చాలు" అంటే, "అది ఇంటికాడ ఉంది, మళ్ళీ ఎవరు పోతారు" అంటాడు. పైగా అది నిన్న ఎవరి పొలంలో తిరిగిందో, ఏ కలుపు గింజ మోసుకొచ్చిందో మనకు తెలియదు. సర్టిఫికేషన్‌కి వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. బయటి పొలాల్లో వాడిన పనిముట్లను శుభ్రం చేశాకే మన పొలంలో దించాలి.

ఈ బాధ పడలేక నిరుడు నేనూ కొత్త ట్రాక్టర్ కొనాలని షోరూమ్‌కి పోయాను. అప్పు కాగితాల మీద సంతకం ఒక్కటే తరువాయి. ఆ రాత్రి మా ఆవిడ ఒక మాట అడిగింది. "ఏడాదికి ఎన్ని గంటలు తిప్పుతావు దాన్ని?" వేళ్ళ మీద లెక్కేశాను. దుక్కి, గడ్డి తోలడం, గుల్లలు ఇంటికి చేర్చడం అన్నీ కలిపినా 70 గంటలు దాటలేదు. 70 గంటల పనికి ఏడు లక్షల బండి! ఎరువులు, మందులు మాని మిగుల్చుకున్న డబ్బంతా వాయిదాలకే పోతుంది. వాయిదా కట్టాలంటే బండిని బాడుగకు తిప్పాలి. బాడుగకు తిప్పితే మన పొలం పదును మనకే తప్పిపోతుంది.

విత్తనం మన చేతిలోకి తెచ్చుకున్నాం, ఎరువు తెచ్చుకున్నాం. ఇనుము దగ్గరికొచ్చేసరికి మాత్రం మళ్ళీ అప్పుల పుస్తకం తెరుస్తున్నాం. నా అభ్యంతరం ఇదే.

పాత మాసీయే ఎందుకు

ట్రాక్టర్ వెనక పనిముట్టును మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్‌తో లేపే పద్ధతిని వాడకంలోకి తెచ్చినవాడు హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఇంజనీరు. బండి బరువు పెంచకుండానే నేలను పట్టి లాగాలన్నది ఆయన ఆలోచన. ఆ వంశంలోని మాసీ 35, తర్వాత 1035 బళ్ళను 1960లో మొదలైన టాఫే కంపెనీ మన దేశంలో తయారు చేసింది. మూడు సిలిండర్లు, 35 హెచ్‌పీ దరిదాపు, బరువు సుమారు 1,700 కిలోలు.

మనకు ఈ బరువు ముఖ్యం. నేలలో వానపాములు పెరగాలి, గాలి ఆడాలి అని ఆచ్ఛాదన వేసుకుంటాం. దాని మీద రెండున్నర టన్నుల బండిని తడి నేలలో తిప్పితే కింద గట్టి పొర కడుతుంది. తేలిక బండి కూడా తడిలో తిప్పితే చెడుపే. కాకపోతే ఆ చెడుపు తక్కువ. ఇంకో సంగతి, ఈ బండిలో సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు. పానాలు పట్టుకోవడం వచ్చిన ఏ ఊరి మేస్త్రీ అయినా విప్పి బిగించగలడు.

"ఫుకుఓకా అసలు దున్నొద్దన్నాడు కదా, ట్రాక్టర్ గొడవ మనకెందుకు?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేమూ దుక్కి తగ్గిస్తూనే వస్తున్నాం. కానీ పచ్చిరొట్ట, కంపోస్టు, జీవామృతం డ్రమ్ములు పొలానికి చేరాలి కదా. అవి నెత్తిన మోసే వయసు నాకు దాటింది. ఎద్దులున్న రైతు ఎద్దులతోనే చేసుకోవాలి, అంతకంటే మంచిది లేదు. లేనివాడి సంగతే నేను చెప్పేది.

నేను చేసిన తప్పు

పాత ఇనుము వ్యాపారి 40 వేలు ఇస్తానన్నాడు. అన్న కొడుకు, "బాబాయ్, ఇచ్చేద్దాం, చోటు కలిసొస్తుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం వరకు బాగానే ఉంది. తొందరపడటమే తప్పయింది.

ఫోన్‌లో ఒక వీడియో చూశాను. కొత్త బ్యాటరీ పెట్టి, తాజా డీజిల్ పోసి, సెల్ఫ్ కొడితే పాత బండి స్టార్ట్ అయిపోయింది. నేనూ అదే చేశాను. ట్యాంకు కడగలేదు. ఎలుకలు గూడు పెట్టాయని ఎయిర్ క్లీనర్ ఊడదీసి పక్కన పెట్టాను. యాక్సిలరేటర్ మొత్తం లాగి సెల్ఫ్ కొట్టాను. అయిదో సారికి ఇంజన్ అందుకుంది. అందరం కేకలు వేశాం. క్షణంలో ఆ శబ్దం మారిపోయింది. యాక్సిలరేటర్ తగ్గించినా స్పీడు తగ్గదు. ఆపే నాబ్ లాగినా ఆగదు. తొమ్మిదేళ్ళ తుప్పుకి పంపు లోపల డీజిల్ కొలిచే భాగం పూర్తిగా తెరుచుకున్న చోటే ఇరుక్కుపోయింది. ఇంజన్ అరుస్తోంది, బండి మొత్తం వణుకుతోంది, నల్లటి పొగలో మా ఆవిడ కనపడటం లేదు.

అన్న కొడుకు తను కూర్చున్న చెక్క పీట తీసి గాలి పీల్చే గొట్టం మూతికి అదిమిపెట్టాడు. రెండు క్షణాల్లో ఇంజన్ చచ్చింది. వాడు ఆ పని చేయకపోతే ఇంజన్ ముక్కలై మా మీద పడేదేమో. బండిని అమ్మేద్దామన్న పిల్లాడే బండినీ, మమ్మల్నీ కాపాడాడు. పంపుకి, నాజిళ్ళకి ఆ తర్వాత 16,000 అయింది.

మేస్త్రీ చేసిన వరస

తర్వాత పక్క ఊరి ముసలి మేస్త్రీని తీసుకొచ్చాను. ఆయన వచ్చీరాగానే తాళం చెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. "నేను చెప్పిందాకా దీని జోలికి రాబాక అబ్బాయ్" అన్నాడు. ఆయన చేసిన వరస ఇది.

1. ఆయిల్ నట్టు మెల్లగా వదులు చేశాడు. నీళ్ళు బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి. ఇంజన్‌లో రాలేదు. వెనక గేర్ బాక్సులో మాత్రం గ్లాసుల కొద్దీ వచ్చాయి. గేర్ లివర్ దగ్గర రబ్బరు చినిగి వానలన్నీ లోపలికి పోయాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. మొత్తం దించి, డీజిల్‌తో కడిగి, కొత్తది పోశాం.

2. నాజిళ్ళు తీసి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్, డీజిల్ కలిపి పోసి మూడు రోజులు వదిలేశాడు. తర్వాత సెల్ఫ్ కొట్టకుండా పానాతో చేత్తో తిప్పాడు. పూర్తి చుట్టు తిరిగాకే ముందుకెళ్ళాడు. నాజిళ్ళు బిగించే ముందు లోపల మిగిలిన ఆయిల్ బయటికి పోయేలా తిప్పించాడు. అది లోపలే ఉంటే ఇంజన్ మళ్ళీ అదుపు తప్పొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు.

3. ట్యాంకు దించి కడిగాడు. అడుగున అర లీటరు నీళ్ళు, తుప్పు. పైపులు, ఫిల్టర్లు మార్చి, పంపు బాగై వచ్చాక గాలి తీశాడు. నాజిల్ నుంచి డీజిల్ చిమ్మేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి చర్మంలోకి దూరిపోతుంది.

4. క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుపోయింది. బండిని రెండుగా విడదీసి మార్చాడు. ఆఖరున బ్రేకులు, టైర్లు.

స్టార్ట్ చేసే రోజు గాలి గొట్టం పక్కన అదే పీట సిద్ధంగా పెట్టుకున్నాం. అవసరం పడలేదు.

ఖర్చు ఇదిగో: బ్యాటరీ 6,500, పంపు, నాజిళ్ళు 16,000, ఆయిళ్ళు, ఫిల్టర్లు, పైపులు 9,000, క్లచ్ 11,000, ముందు టైర్లు కొత్తవి, వెనకవి పాతవి కలిపి 38,000, మేస్త్రీ కూలి 10,000.

మన పొలానికి మన జాగ్రత్త

దించిన ఆయిల్ ఏం చేశారని చాలామంది అడగరు. మనం అడగాలి. పురుగుమందు చుక్క పడనివ్వని పొలం గట్టున ఏడు లీటర్ల మాడు ఆయిల్ పారబోస్తే ఇక మన వ్యవసాయానికి అర్థమేంటి? క్యాన్లలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చాం. పాత బండి అంటేనే ఎక్కడో ఒకచోట కారుతుంది. మొదటి నెల రోజూ కింద అట్ట పరిచి, చుక్క ఎక్కడ పడిందో చూసి, ఆ సీళ్ళు మార్చాం.

ఎవరు చేయకూడదు

బ్లాకు పగిలినా, ఆర్సీ కాగితాల జాడ లేకపోయినా, నమ్మకమైన మేస్త్రీ అందుబాటులో లేకపోయినా వదిలేయండి. ఆర్సీ 15 ఏళ్ళు దాటితే రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. మాది ఇంకా నాయన పేరు మీదే ఉంది. మార్పిడి అయ్యేదాకా రోడ్డు ఎక్కించడం లేదు. బండి మీద ప్రేమ ఉంటే చాలదు, లెక్క కూడా కుదరాలి. మాకు తుక్కు ధర కలుపుకున్నా సుమారు లక్షా ముప్పై వేలే అయింది, కాబట్టి కుదిరింది.

మొన్న మే నెలలో ఒక జల్లు పడిన మర్నాడే, ఎవరినీ బతిమాలకుండా, గొర్రుతో పైపైన గీసి నవధాన్యాలు చల్లాం. ఏడేళ్ళలో మొదటిసారి పదును మీద పడ్డాయి. బండి తోలింది అన్న కొడుకే.

మీ ఇంటి వెనక కూడా ఇట్లాంటి బండి ఉంటే, తుక్కు వ్యాపారికి ఫోన్ చేసే ముందు ఒక మంచి మేస్త్రీకి ఫోన్ చేయండి. నాజిళ్ళు తీసి, చేత్తో ఒక చుట్టు తిప్పించండి. తిరిగితే కూర్చుని లెక్క వేసుకోండి. తిరక్కపోతే తుక్కువాడు ఎక్కడికీ పోడు.