విత్తనానికి వర్జ్యం లేదు

నా చిన్ననాటి సంగతి. ఆ ఏడు మా నాన్న ఐదెకరాల చెలకలో జొన్న, కంది వేద్దామనుకున్నాడు. సోమవారం రాత్రి మంచి వాన పడింది. తెల్లారేసరికి నేల పదును మీద ఉంది. గొర్రు, ఎడ్లు, విత్తనం అన్నీ సిద్ధం. కానీ మంగళవారం విత్తనం ముట్టకూడదన్నారు. బుధవారం అమావాస్య, ఎడ్ల మెడ మీద కాడి పెట్టకూడదన్నారు. గురువారం వర్జ్యం పోయాక మొదలుపెట్టమని పంచాంగం చూసిన పెద్దాయన చెప్పాడు. ఆ మూడు రోజులూ ఎండ, గాలి. గురువారం మధ్యాహ్నం గొర్రు కట్టేసరికి పైమట్టి పిండి పిండిగా ఆరిపోయింది. సగం విత్తనం మొలవలేదు. మళ్లీ విత్తనాలకు అప్పు తెచ్చాం. ఆ అప్పు మీద వడ్డీ మాత్రం అమావాస్య నాడు కూడా ఆగలేదు.

ఈ మాట ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. ఏరువాక పున్నమికి నాగలికి పసుపు రాసే ఇంట్లోనే నేనూ పుట్టాను. మృగశిర నాడు చేపల కూర ఇప్పటికీ మా ఇంట్లో వండుతారు. అయితే పంచాంగంలో రెండు రకాల విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే నష్టపోయేది మనమే.

మొదటిది కార్తెలు. సూర్యుడు 27 నక్షత్రాల మీదుగా నడిచే ఏడాదిని 27 కార్తెలుగా పంచారు. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నా, మృగశిరలో చల్లబడుతుందన్నా అది గ్రహాల మహిమ కాదు. కేరళను జూన్ 1 ప్రాంతంలో తాకే నైరుతి, వారం పది రోజుల్లో మన వైపు రావడాన్ని తరతరాలుగా చూసిన రైతుల అనుభవం. ఏ కార్తెలో ఏం వేయాలో, ఏ పురుగు ఎప్పుడు వస్తుందో అందులో దాచుకున్నారు. అది మన పెద్దల క్యాలెండర్. దాన్ని వదులుకోనక్కర్లేదు.

కానీ ఆ క్యాలెండర్ కూడా రాతి మీద గీత కాదు. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. వరాహమిహిరుడు వానల గురించి రాసిన ఆరో శతాబ్దం నుంచి ఇప్పటికి ఆ తేడా మూడు వారాలకు చేరింది. పైగా ఇప్పుడు వానల తీరే మారింది. 2023 ఆగస్టు సంగతే చూడండి. ఆశ్లేష, మఖ కార్తెలు వానలకు పేరున్నవి. కానీ 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అతి తక్కువ వాన పడిన ఆగస్టు అదే. పసిఫిక్ సముద్రం వేడెక్కిన సంగతి కార్తెకు తెలియదు.

రెండోది ముహూర్తం, వర్జ్యం, రాహుకాలం, జాతకం. వీటికి నేల తేమతో గానీ, మబ్బుతో గానీ సంబంధం లేదు. ఉగాది నాడు ఈ ఏడు మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని చదువుతారు. ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని రాశుల వారీగా చెబుతారు. పండగ పూట సరదాగా వినొచ్చు. కానీ ఒకే రాశిలో పుట్టిన కౌలు రైతుకూ, ఎరువుల వ్యాపారికీ ఆదాయవ్యయాలు ఒకటే అంటే నమ్మగలమా?

పత్తి వేయాలంటే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల లోతుగా తడవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నారు. ఆ తడి వచ్చిన రోజే మనకు శుభదినం. తడి లేని మంచి రోజున పెట్టిన విత్తనం మట్టిపాలే. బోరు విషయమూ అంతే. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని, వేపపుల్ల వంగిందని, ఆగ్నేయం పనికిరాదని చెప్పే మాటల మీద లక్షలు పోసి, ఎండిన బోర్ల పక్కన కూర్చున్న కుటుంబాలు మన ఊళ్లలో ఎన్ని లేవు? భూగర్భ జల శాఖ వాళ్లతో పరీక్ష చేయించినా నీళ్లు పడతాయన్న హామీ లేదు. కానీ అక్కడ కనీసం రాతిపొరను చూసి చెబుతారు, మన పేరులోని మొదటి అక్షరాన్ని చూసి కాదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ఇంకొకటి. పంట పోయినప్పుడు "నా జాతకం బాగాలేదు, శని నడుస్తోంది" అంటాం. విత్తనం నకిలీదైతే తప్పు అమ్మినవాడిది. మార్కెట్లో ధర పడితే మద్దతు ధరకు కొనని ప్రభుత్వానిది. కాలువ చివరికి నీళ్లు రాకపోతే పూడిక తీయించని వాళ్లది. వీళ్లందరి తప్పునూ శని మీద వేస్తే, బిల్లు, లాట్ నంబరు పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్లేదెవరు? శనికి నూనె పోస్తే నకిలీ విత్తనాల వ్యాపారికి ఏం నష్టం? అప్పుల బాధలో ఉన్న మనిషికి "నీ రాత ఇంతే" అన్న మాట ఎంత ప్రమాదమో మన సంఘంలో అందరికీ తెలుసు.

మన పూర్వులు వానను కొలవకుండా ఊరుకోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే పాత్ర పెట్టి వానను ద్రోణాల్లో కొలిచే పద్ధతి ఉంది. పెద్దల దారిలో నడవాలంటే మనమూ అదే చేయాలి. ప్రతి గ్రామ శాఖ ఒక వానమాపకం పెట్టి, పడిన ప్రతి వాననూ నోటుబుక్కులో రాయాలి. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా ఇచ్చే సలహాను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ అంచనాలూ తప్పుతాయి. కానీ ఎందుకు తప్పిందని వాళ్లను నిలదీయొచ్చు, మేఘాధిపతిని నిలదీయలేం. వచ్చే ఉగాదికి పంచాంగం చదివే అరుగు మీదే మన ఊరి మూడేళ్ల వానల లెక్కనూ చదివి వినిపిద్దాం.

పెళ్లికి ముహూర్తం పెట్టుకోండి, గృహప్రవేశానికి తిథి చూసుకోండి. అది మీ ఇంటి ఇష్టం. విత్తనం దగ్గర మాత్రం పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి చూడండి. ముద్ద నిలిచిందా, గొర్రు కట్టండి. అది మంగళవారమైనా సరే.